డయాలసిస్ చేతిలోని మలుపు



పోచంపాడ్ నీటితో వ్యవసాయం చేసేవారికి తెలిసిన సంగతే. మట్టి కాలువ వంపు తిరిగిన చోట నీరు వెలుపలి గట్టును కోస్తుంది, లోపలి గట్టు పక్కన ఒండ్రు పేరుకుంటుంది. డయాలసిస్ చేయించుకొనేవారి చేతిలో కూడా అటువంటి వంపు ఒకటి ఉంటుంది. దానినే ఫిస్టులా అంటాము.

డయాలసిస్ మిషనుకు నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం కావాలి. మామూలు సిర అంత ఇవ్వలేదు. అందుచేత సర్జన్ గారు చేతిలోని సిరను ధమనికి కలుపుతారు. న్యూయార్క్‌లో డాక్టర్ బ్రెషియా, డాక్టర్ సిమినో, వారి తోటివారు 1966లో ఈ పద్ధతిని ప్రకటించారు. సిర లావై సూదికి పనికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందుగానే ఆపరేషన్ చేయించుకొమ్మని డాక్టర్లు పోరేది అందుకే.

ఆ రక్తం ఫిల్టరులోని వేలాది బోలు పోగుల గుండా పోతుంది. ఒక్కొక్క పోగు ఇంచుమించు వెంట్రుకంత సన్నం. లోపల రక్తం, బయట డయాలసిస్ ద్రవం ఎదురెదురుగా పారుతుంటే మలినాలు పోగు గోడను దాటి ద్రవంలోకి వెళ్లిపోతాయి. ఫిస్టులా నుండి రక్తం తక్కువగా వస్తే నాలుగు గంటలు పడుకున్నా శుద్ధి తక్కువే.

ధమని నుండి జోరుగా వచ్చిన రక్తం మలుపులో సుడులు తిరుగుతుంది. వేళ్లు ఆనిస్తే జుమ్మని అదురు తెలుస్తుంది. వంపు లోపలి వైపు ప్రవాహం మందగించిన చోట రక్తనాళం గోడే మందమవుతుంది. ఇది ఒండ్రు కాదు, కడిగితే పోయేది కాదు. దారి ఇరుకై, చివరకు రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు. ఇరుకుగా ఉన్నప్పుడే వస్తే చాలామందికి బెలూనుతో వెడల్పు చేయవచ్చు. పూర్తిగా మూసుకుపోతే మెడలో గొట్టం వేయవలసి రావచ్చు, దానితో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ.

కనుక పొద్దున లేవగానే, రాత్రి పడుకొనే ముందు చేయి పట్టి చూసుకోండి. అదురు తగ్గినా, ఆగినా, అదురుకు బదులు నాడిలా కొట్టుకున్నా వెంటనే ఆసుపత్రికి రండి. "ఎల్లుండి డయాలసిస్ ఉంది కదా సిస్టరమ్మా, అప్పుడు చెబుదామనుకున్నా" అనే మాట మేము చాలాసార్లు విన్నాము. అంతవరకు ఆగకండి.

ఆ చేతికి బి.పి. పట్టీ, రక్తపరీక్ష సూది, బిగుతు గాజులు, వాచీ వద్దు. నీళ్ల బిందె, చెరకు మోపు ఆ చేత్తో ఎత్తవద్దు. ఆ చేయి తల కింద పెట్టుకొని నిద్రపోవద్దు. వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీరే ముందుగా చెప్పండి, పొడుగు చేతుల చొక్కా కింద ఏముందో అక్కడి నర్సులకు ఎలా తెలుస్తుంది?

రెండు డయాలసిస్‌ల మధ్య ఉప్పు, నీరు ఎక్కువైతే మిషను ఒక్కసారిగా ఎక్కువ నీరు తీయవలసి వస్తుంది. అప్పుడు బి.పి. పడిపోయి ఫిస్టులాలో రక్తం గడ్డకట్టవచ్చు. రోజుకు ఎన్ని గ్లాసులు తాగవచ్చో మీ డాక్టరు గారిని అడిగి రాసుకోండి.