రెండు చితులు, ఒక జనాజా

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. మృతుల్లో కోల్‌కతా వాసులున్నారు, మన విశాఖ, కావలి వాళ్లూ ఉన్నారు. మతం అడిగి మరీ కాల్చారని బాధిత కుటుంబాలు చెప్పాయి. దేశం రగిలిపోయింది.

రెండు రోజులకే ఉధంపూర్ జిల్లాలో ఉగ్రవాదులతో పోరాడుతూ 6 పారా స్పెషల్ ఫోర్సెస్ హవల్దార్ ఝంటూ అలీ షేక్ నేలకొరిగాడు. జాతీయ జెండా కప్పిన శవపేటిక కోల్‌కతా మీదుగా నదియా జిల్లాలోని స్వగ్రామం చేరింది. అన్న రఫీకుల్ కూడా సైన్యంలో సుబేదారే. ఆ వారంలోనే కోల్‌కతాలో రెండు కుటుంబాలు చితికి నిప్పంటించాయి. నదియాలో ఒక కుటుంబం జనాజా నమాజు చేసింది.

సైన్యంలో పనిచేసిన మాకిది వింత కాదు. చాలా యూనిట్లలో ‘సర్వ ధర్మ స్థల్’ ఉంటుంది. అన్ని మతాల ప్రార్థనా ఒకే కప్పు కింద. అధికారి మతం ఏదైనా, తన జవాన్ల ప్రార్థనలో వారితో కలిసి నిలబడతాడు. ఆపరేషన్‌కు బయల్దేరే రాత్రి పక్కవాడి దేవుడెవరని ఎవరూ అడగరు. వాడు కాపు కాస్తాడన్న నమ్మకమే ముఖ్యం.

ఉగ్రవాదికి కావాల్సింది 26 ప్రాణాలే కాదు, ఆ తర్వాత మనలో మనం కొట్టుకోవడం కూడా. అమరుడి ఇంటికి పూలదండ పట్టుకెళ్లడం తేలిక. మర్నాడు అతని మతం వాణ్ణి అనుమానంగా చూడకపోవడమే అసలైన నివాళి.