బిరుదు వేరు, పురస్కారం వేరు

ఊళ్లో ఒకరికి పద్మశ్రీ వస్తే మరునాటికే ఫ్లెక్సీల మీద పేరుకు ముందు 'పద్మశ్రీ' అని చేర్చడం మీరు చూసే ఉంటారు. అది నిబంధనలకు విరుద్ధం. ఎందుకో చూద్దాం.

వలస పాలనలో ప్రభుత్వం రావుబహద్దూర్, దివాన్ బహద్దూర్ వంటి బిరుదులను తరచుగా తనకు అనుకూలురైనవారికి ఇచ్చేది. అవి పౌరుల మధ్య హెచ్చుతగ్గులు కల్పించేవి. అందుకే సైనిక, విద్యాసంబంధ విశిష్టతలు తప్ప రాజ్యం ఏ బిరుదూ ఇవ్వరాదని రాజ్యాంగం 18వ అధికరణం శాసించింది. మరి 1954లో మొదలైన పద్మ పురస్కారాల మాటేమిటి? 1977లో జనతా ప్రభుత్వం వాటిని ఆపివేసింది. 1980లో మళ్లీ మొదలయ్యాయి. చివరకు బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో తీర్పు చెప్పింది: ఇవి బిరుదులు కావు, అయితే పేరుకు ముందు గానీ వెనుక గానీ వాడరాదు.

పద్మ పురస్కారానికి ఏ పౌరుడైనా మరొకరిని ప్రతిపాదించవచ్చు. చేసిన సేవను 800 పదాలకు మించకుండా వివరించాలి. వైద్యులు, శాస్త్రవేత్తలు మినహా ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ సిబ్బంది అర్హులు కారు. జీతం తీసుకుని చేసే విధిని సేవగా లెక్కించరాదన్నది దీని ఉద్దేశం కావచ్చు. కానీ మారుమూల పల్లెలో విధికి మించి శ్రమించే ప్రభుత్వ ఉపాధ్యాయురాలు కూడా దీనివల్ల వెలుపలే ఉండిపోతుంది. ఇది నాకు సమంజసంగా తోచదు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య ఏళ్ల తరబడి మొక్కలు నాటారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. దానిని ఆయన పేరుకు ముందు చేర్చరాదు. జనం పిలుచుకునే 'వనజీవి' అన్న పేరుకు మాత్రం అభ్యంతరం లేదు. ఆ నిషేధం రాజ్యం ఇచ్చే బిరుదులకే.