చాగస్ వ్యాధి: పరాన్నజీవికి ఆశ్రయమిచ్చే వన్య క్షీరదాలు

బ్రెజిల్‌లోని లాసాన్స్ అనే ఊళ్ళో 1909లో కార్లోస్ చాగస్ ఒక కొత్త వ్యాధిని కనుక్కొన్నాడు. దాని కారకం ట్రిపనోసోమా క్రూజై అనే కశాభయుత ప్రోటోజోవా. రక్తం పీల్చే ట్రయటోమైన్ నల్లులు దానికి వాహకాలు. మలేరియా పరాన్నజీవి దోమ లాలాజలంతో మన రక్తంలో చేరుతుందని మీరు చదివారు. ఇక్కడ అలా కాదు. పరాన్నజీవి నల్లి మలంలో ఉంటుంది. కుట్టినచోట గోక్కున్నప్పుడు ఆ మలం గాయంలోకి చేరుతుంది. ఏళ్ళ తరువాత నూటికి 20 నుంచి 30 మందికి గుండె దెబ్బతింటుంది.

వన్య చక్రం

ఈ పరాన్నజీవి మనిషి లేకుండానే అడవిలో మనగలదు. అమెరికా ఖండాలలో 100కు పైగా క్షీరద జాతులు దానికి సహజ అతిథేయులు. చాగస్ 1912లోనే దీనిని ఆర్మడిల్లోలో గుర్తించాడు. ఆర్మడిల్లో బొరియలో నల్లులూ కాపురముంటాయి కాబట్టి చక్రం అక్కడే పూర్తవుతుంది. నల్లులను తినే జంతువులకు నోటి ద్వారా కూడా సంక్రమిస్తుంది.

ఒపోసం అనే శిశుకోశ క్షీరదం మరింత విచిత్రమైనది. దాని పాయువు దగ్గరి గంధ గ్రంథులలో, సాధారణంగా నల్లి పేగులో కనిపించే దశలు వృద్ధి చెందుతాయి. అంటే అది అతిథేయి పాత్రతో పాటు కొంతవరకు వాహకం పాత్రనూ పోషించగలదు.

పక్షులకు ఈ వ్యాధి సోకదు. వాటి రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు పరాన్నజీవిని ఛేదిస్తాయి. అయినా ఇంటి పక్కన కోళ్ళగూడు ప్రమాదమే. కోడి రక్తం పరాన్నజీవిని పెంచదు గాని, నల్లులను పెంచుతుంది.

ఆశయ అతిథేయి అంటే?

సోకిన ప్రతి జంతువూ వ్యాప్తి చేయదు. ప్రతిరక్షకాలు ఉన్నాయంటే ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం. నల్లికి అంటించాలంటే రక్తంలో పరాన్నజీవులు తగినన్ని తిరుగుతుండాలి. దీనిని తెలుసుకోవడానికి, ప్రయోగశాలలో పెంచిన శుభ్రమైన నల్లులచేత ఆ జంతువు రక్తం తాగించి, కొన్ని వారాల తరువాత వాటి పేగును పరీక్షిస్తారు. ఇదే జెనోడయాగ్నోసిస్.

నియంత్రణకు హద్దులు

ఇళ్ళలో మందు చల్లి, గోడల పగుళ్ళు పూడ్చి, ట్రయటోమా ఇన్ఫెస్టాన్స్ అనే ఇంటి నల్లి ద్వారా జరిగే వ్యాప్తిని ఉరుగ్వే 1997లో, బ్రెజిల్ 2006లో ఆపగలిగాయి. అయితే అడవికి మందు చల్లలేము. అమెజాన్ ప్రాంతంలో నల్లులతో కలుషితమైన అసాయి పండ్ల రసం తాగినవారికి వ్యాధి సోకిన సందర్భాలున్నాయి. అందుచేత ఈ వ్యాధిని అదుపు చేయగలమే కాని, మశూచిలా నిర్మూలించలేము. వన్య జంతువులను చంపడమూ పరిష్కారం కాదు. ఆహారం దొరకని నల్లి మరో రక్తం వెతుక్కుంటుంది. నల్లికీ మనిషి పడకకూ మధ్య దూరం పెంచడమే మన చేతిలో ఉన్న పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కోళ్ళకు చాగస్ వ్యాధి సోకకపోయినా కోళ్ళగూడు ఎందుకు ప్రమాదకరం?
2. సోకిన జంతువుకూ ఆశయ అతిథేయికీ తేడా ఏమిటి?