రెండు దిక్కుల వానలు

పంచాంగ మొక్కటే యయినను తెలుగునేల కంతటికిని వానకాల మొక్కటి కాదు. ఈ సంగతి నేను పుస్తకములు చదివి తెలిసికొనలేదు, నష్టపడి నేర్చుకొంటిని.

నా పుట్టినిల్లు గోదావరి తీరము, మెట్టినిల్లు నెల్లూరు సీమ. మా పుట్టింట రోహిణి కార్తె వెళ్లులోపల ఊరగాయలు జాడీల కెక్కవలెను, వడియములు డబ్బాలలో చేరవలెను. మృగశిర ప్రవేశించినచో ఆకాశమును నమ్మరాదు. కాపురమునకు వచ్చిన మొదటియేడు నేనట్లే తొందరపడి సర్దుచుండగా మా యత్తగారు నవ్వి యూరకుండిరి. ఆషాఢము వచ్చెను, శ్రావణము పోయెను. అప్పుడప్పుడు జల్లులే గాని ముసురు పట్టిన దినములు లేవు. ఇక వాన భయము లేదని తలచి, ఆశ్వయుజమున నారుమడికై తీసిన విత్తనపు వడ్లను మిద్దెపై నెండబోసి పేరంటమునకు పోతిని. తిరిగి వచ్చునప్పటికి వడ్లు నీట తేలుచుండెను. మడి సిద్ధము కాకమునుపే మొలకలు వచ్చెను. ఆ యేడు విత్తనమును పొరుగువారి నడుగవలసి వచ్చినది. "ఇది మీ గోదావరి కాదమ్మాయీ, మా వాన దసరా దాటి వస్తుంది" అని మాత్రమే అత్తగారనిరి. ఆమె కోపించినను నాకంత సిగ్గు కలిగెడిది కాదు.

అటుపిమ్మట మావారు బడిపిల్లలకు వలె పటము ముందుంచి కారణము చెప్పిరి. వేసవిలో నేల సముద్రముకంటె మిక్కిలి వేడెక్కుటచే సముద్రపు గాలి నేలవైపు వీచును. జూను మొదటి దినములలో నైరృతి పవనము కేరళమును తాకును. ఆ గాలి పడమటి కనుమల నెక్కునపుడు తన నీటిలో చాలభాగ మచ్చటనే విడిచిపెట్టును. కనుమల చాటుననున్న మాకు దక్కునది తక్కువ. గోదావరి ప్రాంతములకో, బంగాళాఖాతమున పుట్టు నల్పపీడనములు మఱికొన్ని వానలు తెచ్చును. అక్టోబరు నాటికి సూర్యుడు దక్షిణమునకు జరుగగా నేల చల్లబడి గాలి తిరుగును. ఈశాన్యమునుండి సముద్రము మీదుగా వచ్చు నాగాలియే మా చెఱువులు నింపునది. నెల్లూరునకు ఏడాది వానలో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వఱకే కురియును. ఘోరమైన తుపానులును ఈ ఋతువున వచ్చుట కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన యట్టిదే.

ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘములకును గర్భము చెప్పినాడు. శుక్లపక్షమున నిలిచిన గర్భము 195 దినములకు కృష్ణపక్షమున ప్రసవించునట! పురుషుడై యుండియు నీ లెక్క యెట్లు తోచెనో. నేటి శాస్త్రము దాని నొప్పదు. కాని వాన పుట్టుక నెలల ముందే మొదలగునన్న తలంపు మాత్రము వ్యర్థము కాలేదు. వాతావరణశాఖవారు ఏప్రిలులోనే నైరృతి వానల యంచనా ప్రకటించుచున్నారు. అందుకు వారు చూచు గుర్తులలో దూరముననున్న పసిఫిక్ మహాసముద్రపు వేడిమి యొకటి. అచ్చటి నీరు మితిమీరి వేడెక్కుటను ఎల్ నినో యందురు. అట్టి యేడులలో నైరృతి వానలు తఱచు తగ్గును. ఈశాన్యపు వానలు మాత్రము పలుమారు హెచ్చును. పుట్టింట పైరెండిన యేట మెట్టినింట చెఱువు పొంగినచో ఆడుబిడ్డ యే మొగముతో సంతోషింపవలెను?

కార్తెలను గూర్చి యొకమాట. చాంద్రమాసము లధికమాసముచే ముందువెనుక లగును గాని, కార్తె సూర్యుడొక నక్షత్రమున నుండు 13, 14 దినముల కాలమగుటచే ప్రతియేడు ఇంచుమించు ఒకే తేదీకి వచ్చును. మృగశిర జూను 7, 8 తేదీలకు, చిత్త అక్టోబరు 10 ప్రాంతమునకు. అదియు స్థిరము కాదు. సుమారు 72 ఏండ్ల కొక దినము చొప్పున ఆలస్యమగుచున్నది.

మృగశిరకు జాడీలు మూటకట్టు హడావుడి నేనిపుడు మానితిని. చిత్త ప్రవేశించినది మొదలు మిద్దెపై గింజ వేయను. పేరంటమునకు పిలుపు వచ్చినచో ఈశాన్యపు దిక్కు చూచి మఱి కదలుదును.