పాత జీపు ఇంజనునుండి నూనె కారుట

మన పాఠశాలకు పిల్లలను పంపు కుటుంబములలో పాత జీపుమీద బ్రతుకు సాగించువారు కొందరు కలరు. సంతలకు సరకులు చేర్చుటకును, వానకాలమున కొండ గ్రామములనుండి మన పిల్లలనే బడికి దింపుటకును ఆ బండ్లే ఆధారము. వారు మాతో తరచుగా చెప్పుకొను మాట యొకటి కలదు: "ఎన్నిసార్లు సీలు మార్పించినా ఆయిలు కారడం మానలేదండీ, మాష్టారూ!" అందుచే ఈ సంచికలో ఆ సంగతి కొంత విప్పి చెప్పదలచితిమి.

మహీంద్రావారు 1940ల చివరనుండి విల్లీస్ జీపులను మన దేశమున కూర్చి అమ్మసాగిరి. సీజే-3బీ యను నమూనాలోని హరికేన్ ఇంజను నాలుగు సిలిండర్లది. కొలత 134 ఘనపుటంగుళములు, అనగా సుమారు 2.2 లీటర్లు. దీనియందొక విశేషము కలదు. పెట్రోలుగాలిని లోనికి తీసికొను వాల్వులు పైన హెడ్డులోను, పొగను విడుచు వాల్వులు ప్రక్కన బ్లాకులోను ఉండును. కావున మూతలును రెండు. పైమూత అందరికిని కనబడును. ప్రక్కమూత పొగగొట్టము క్రింద దాగియుండుటచే దానిని తలచువారరుదు. దానినుండి కారిన నూనె వేడిగొట్టముపై పడినచో కమరువాసన వచ్చును. ఆ వాసన నెన్నడును ఉపేక్షింపరాదు, నిప్పంటుకొనుటయు కలదు.

నూనె కారినచోటనే క్రింద పడదు. అది జారుచు దిగును. ముందరి ఫ్యాను గాలి దానిని వెనుకకు త్రోయును. పైమూతనుండి కారినదైనను తుదకు ఇంజను వెనుక, క్లచ్చి గూడు అడుగునుండియే బొట్లుబొట్లుగా పడును. అది చూచి మెకానికు "వెనుక సీలు పోయినది" అనును. మేమెరిగిన యొక తండ్రి బండికి ఇట్లే రెండుమారులు అడుగు సంపు దింపి సీలు మార్చిరి. తప్పు పైమూత క్రింది కార్కు గాస్కెట్టులో నుండెను. గాస్కెట్టు వెల అల్పము. అతడు వెచ్చించినది మాత్రము కుమార్తె జీతమునకై దాచిన సొమ్ము.

కావున ముందుగా చోటు కనుగొనవలెను. చల్లారిన ఇంజనును కిరోసినుతో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కీళ్లవెంట సుద్దపొడి చల్లవలెను. (ఈ వస్తువునకు మా వృత్తివారియొద్ద కొదువ లేదు.) ఇంజను కొంతసేపు నడిపి, ఆపిన పిదప దీపముతో చూచినచో, పొడి మొదట తడిసిన చోటు తెలియును. ఆ పైన పొడిగానున్నచో తప్పక్కడనే. రాత్రి బండి క్రింద అట్టముక్క పరచుటయు మంచిది. నల్లగా పలుచగానున్నది ఇంజను నూనె; చిక్కగానుండి గంధకపు వాసన వేయునది గేరునూనె. నాలుగు చక్రములకు బలము నిచ్చు బండ్లలో గేరుబాక్సును, దాని వెనుక ట్రాన్స్‌ఫరు కేసును ప్రక్కప్రక్కనే యుండుటచే ఈ తేడా తెలియుట ముఖ్యము.

మూత కారుచున్నచో నట్టులను బలముకొలది బిగించుటే వైద్యమని కొందరి నమ్మకము. అది రేకుమూత, అతిగా బిగించిన అంచు వంగి మరింత కారును. అంచును చదునుచేసి క్రొత్త గాస్కెట్టు వేసి మితముగా బిగించవలెను. సిలికాను పేస్టు దట్టముగా పూసిన, లోనికి పొంగిన ముక్కలు ఊడి నూనెపంపు జల్లెడను మూసివేయును. అప్పుడు పోవునది గాస్కెట్టు కాదు, ఇంజనే.

వెనుక సీలు విప్పుటకు ముందు చూడవలసినది మరియొకటి కలదు: బ్రీదరు, అనగా ఇంజను ఊపిరిగొట్టము. పిస్టను రింగుల సందులనుండి కొంత వాయువు అడుగుభాగమునకు దిగుచునే యుండును. అది పోవు దారి మసితో మూసికొనిపోయిన, లోపలి ఒత్తిడి నూనెను ప్రతి కీలునుండియు వెలికి త్రోయును. హరికేన్ ఇంజనున నొక చిన్న వాల్వు ఈ వాయువును లోనికి పీల్చుకొను ఏర్పాటున్నది. దానిని, గొట్టములను శుభ్రముచేయుటకు ఖర్చంతగా లేదు. నూనె గుర్తుకు మించి పోయుటయు కారుటకు కారణమగును.

నిజముగా సీలే పోయినచో రెండు ముక్కల రబ్బరు సీలు వేయుదురు. వెనుక బేరింగు టోపీ ప్రక్కల నుండు రబ్బరు ముక్కలు పావు అంగుళము బయటికి పొడుచుకొని యుండవలెను; సంపు బిగించునపుడు అవి నొక్కుకొని సందు మూయును. అందముకొరకు వానిని కోసివేసిన పని వ్యర్థము. పాత తాడుప్యాకింగులలోను, క్లచ్చి ధూళిలోను ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక గాలితో ఊదరాదు. బండి క్రింద దూరునపుడు జాకీనే నమ్మక, గట్టి కొయ్యదిమ్మలు పెట్టవలెను.

క్లచ్చిప్లేటు నూనెతో తడిసినచో అది జారును. సాలూరునుండి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కు ఘాటులో, బండినిండ జనముతో, క్లచ్చి జారుట ఎట్టిదో తోలువారికి చెప్పనక్కరలేదు. అట్టి బండిలో పిల్లల నెక్కింపరాదు.

తుదకొక పరీక్ష. ఇంజను నడచుచుండగా నూనె పోయు మూత తీసినపుడు పొగ గుప్పుగుప్పున వచ్చుచున్నచో రింగులరిగినవి. అప్పుడు సీళ్లు మార్చి ప్రయోజనము లేదు. ఇంజను బాగుచేయించుటకు సొమ్ము చేకూరువరకు ప్రతి ఉదయము చదునునేలపై గేజిపుల్ల తీసి చూచి, తగ్గినంత నూనె పోసి నడుపుకొనవలెను.