పాత ఇండ్లలో మురుగు గొట్టములు పూడిన యెడల

చెన్నపట్టణములో మనవారి పాత ఇండ్లు ఏ పేటలో చూచినను ఒకే మాట వినవచ్చుచున్నది. స్నానాల గదిలో నీరు నిలుచుచున్నది, వంటింటి తూము వెనుకకు పొంగుచున్నది, మండువాలో దుర్వాసన విడువకున్నది అని. వెంటనే ఇంటివారు రెండు పనులలో ఒకటి చేయుదురు. అంగడికి పోయి యాసిడు సీసా తెచ్చి పోయుదురు. లేదా వీధిలో ఎవరినో పిలిచి గుంటలోనికి దిగుమందురు. మొదటిది తరచు వృథా, అద్దకము చేయు ఇంటిలో ప్రమాదము కూడ. రెండవది ఒక మనిషి ప్రాణముతో చెలగాటము. పూడిక ఎక్కడ ఉన్నదో ముందుగా కనిపెట్టి పిదప చేయి పెట్టిన యెడల, చాలవరకు ఇంటివారే గంటసేపటిలో బాగుచేసికొనవచ్చును. ఆ కనిపెట్టు విధమును ఇక్కడ వివరించుచున్నాము.

మన పేటల పుట్టుక కొంచెము తెలిసియుండుట మంచిది. చింతాద్రిపేటను 1734లో ఈస్టిండియా కంపెనీవారు కూవం నది వంపులో, సుంకురామ చెట్టిగారి తోటలో, నేతవారికి, నూలు వడుకువారికి, అద్దకమువారికి, చాకలివారికి నివాసముగా ఏర్పాటు చేసిరి. చిన్న తరి పేట అను అరవ మాటయే ఆ పేరుకు మూలమని చెప్పుదురు. తరి అనగా మగ్గము. అట్టి పేటలు వెలసిన ఎన్నో ఏండ్లకు గాని భూమిలోపలి మురుగు గొట్టములు రాలేదు. నగరమునకు 1910లో మురుగు పథకము వేసినప్పుడు 1961 నాటికి 6.6 లక్షల జనము ఉందురని అంచనా కట్టిరి. 1961 జనాభా లెక్కలలో నగర జనసంఖ్య 17 లక్షలు దాటినది. ఆ పిమ్మట గొట్టములు పెంచిరి, పంపింగు స్టేషనులు కట్టిరి, 1978 చట్టముతో మెట్రో వాటర్ బోర్డు ఏర్పడినది. ఐనను ఇంటి లోపలి గొట్టము మాత్రము ఇంటి యజమాని పాలిటిదే. గొట్టము సంగతి ఎరుగని రోజులలో కట్టిన ఇంటిలో, ఉన్న గోడలు తొలిచి, ఉన్న మూలలు తిప్పి దానిని వేసినారు. వంపులు ఎక్కువ, వాలు తక్కువ. 4 అంగుళముల గొట్టమునకు 40 అడుగుల పొడవున 1 అడుగు వాలు ఉండవలెనని నియమము. నేల కుంగిన పాత ఇంటిలో అది ఎక్కడో ఒకచోట తప్పియే యుండును. పైగా స్టోన్‌వేర్ గొట్టముల అతుకులు సిమెంటుతో పూసినవి. ఆ పూత పగిలిన చోట రావి వేరు దూరును.

ఇక మన వృత్తి సంగతి. మగ్గములు నగరములో చాల తగ్గినను, నూలు, పట్టు, అద్దకము, గంజి మనవారి ఇండ్లను వదలలేదు. పడుగుకు పట్టించగా మిగిలిన గంజిని, చీరలకు పెట్టిన గంజి అడుగును తూములో పారబోయుట అలవాటు. వేడిగా నున్నంతసేపు అది నీరువలెనే పోవును. గొట్టములో చల్లారగానే చిక్కబడి అడుగున పొరకట్టును. పడుగు గంజిలో నూనె కూడ కలియును గదా, ఆ జిడ్డు పొరను గట్టిపరచును. దానిపైకి దూది నూగు వచ్చి అంటుకొనును. అచ్చు దగ్గర తెగిన దారపు ముక్క ఒకటి ఏ అతుకు అంచునో పట్టుకొన్నచో, వెనుక వచ్చు ముక్కలన్నియు దానికి చుట్టుకొని త్రాడువలె పేనుకొనును. తలవెండ్రుకలు చేయు పనియు ఇదియే. ఇంటిలో పట్టును సబ్బు నీటిలో ఉడికించువారి సంగతి మరియొకటి: పచ్చిపట్టు తూకములో సుమారు నాలుగవ వంతు జిగురే. ఆ జిగురంతయు సబ్బుతో కూడ తూములోనికే పోవుచున్నది. ఇటువంటి ఇంటి పూడిక మట్టి పూడిక కాదు. గంజి, నూనె, దారము కలిసి నేసిన బట్టవంటిది. కడ్డీతో పొడిచిన రంధ్రము పడును గాని బట్ట పోదు; రెండు దినములకు రంధ్రము మరల మూసికొనును. అందుచేత పొడుచుట కంటె లాగుట ముఖ్యము.

పూడిక చోటు కనిపెట్టుటకు ఇంటి గొట్టపు దారి తెలియవలెను. స్నానాల గది నేలలో జల్లెడమూత క్రింద ఒక గిన్నె ఉండును, దానిని నహానీ ట్రాప్ అందురు. ఇంటి వెలుపల చిన్న ఇటుకల తొట్టిలో వంగిన గొట్టముండును, అది గల్లీ ట్రాప్. ఈ వంపులలో 2 అంగుళములైనను నీరు నిలిచియుండి, వీధి గొట్టములోని గాలిని ఇంటిలోనికి రానీయదు. అక్కడనుండి నీరు మూతగల చాంబరులోనికి, చాంబరునుండి వీధిలోని పెద్ద గొట్టమునకు పోవును.

ముందు, నీరు నిలిచినది ఒకచోటనా, అన్నిచోట్లనా? వంటింటిలో మాత్రమే నిలిచి స్నానాల గదిలో పోవుచున్న యెడల, పూడిక ఆ తూము క్రింది వంపులోనే ఉన్నది. చాంబరు తెరువ పని లేదు. అన్నిచోట్లను మెల్లగా పోవుచున్నచో చాంబరు మూత తీసి చూడవలెను. చాంబరు ఎండియుండి ఇంటిలో నీరు నిలిచిన యెడల పూడిక ఇంటికిని చాంబరుకును నడుమ ఉన్నది. చాంబరు నిండియున్నచో పూడిక దానికి ఆవల, వీధివైపున ఉన్నది. అప్పుడు ప్రక్క ఇంటివారిని అడిగి వారి చాంబరును కూడ చూచుట మేలు. అదియు నిండియున్న యెడల తప్పు వీధి గొట్టములోనిది. ఇంటిలో ఎంత పొడిచినను ఫలము లేదు, మెట్రో వాటర్ బోర్డువారికి 1916 నంబరుకు ఫిర్యాదు చేయవలెను. ఇది తెలియక ఇంటి నేల పగులగొట్టించి కూలి దండుగ చేసికొన్నవారు కలరు.

ఇంకను రెండు గురుతులు. ఒకచోట నీరు పోసినప్పుడు మరియొక తూములో గుడగుడమని బుడగలు వచ్చినచో, గాలి పోవు గొట్టము మూసికొనియుండవచ్చును. డాబాపై దాని మూతిని చూడుడు, కాకి గూడో ఎండుటాకులో ఉండును. నీరు చక్కగా పోవుచు వాసన మాత్రము వచ్చుచున్నచో పూడికయే లేదు. వాడని గదిలో ట్రాప్ నీరు ఎండిపోయినది, ఒక చెంబు నీరు పోసిన చాలును.

శుభ్రపరచునప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు చెప్పులు తప్పక ఉండవలెను. ట్రాప్ గిన్నెను తీసి అందులోని ముద్దను చేతితోనే ఎత్తివేయవలెను, లోపలికి త్రోయరాదు. సగము పనులు ఇంతటితో తీరును. తీరనిచో చాకలి సోడా కలిపిన వేడినీరు పోసి అరగంట ఉంచుడు. సలసల కాగు నీరు వద్దు, ప్లాస్టిక్ గొట్టములు మెత్తబడును. పిదప రబ్బరు కప్పును తూముపై నొక్కి, ప్రక్క రంధ్రములను తడిగుడ్డతో మూసి, పైకి క్రిందికి గట్టిగా ఇరువది మార్లు లాగవలెను. నొక్కుటకంటె లాగుటలోనే బలముండవలెను.

చాంబరు నుండి కడ్డీలు వేయవలసివచ్చినచో, కడ్డీలను ఎప్పుడును కుడివైపుకే త్రిప్పవలెను. ఎడమకు త్రిప్పిన మర ఊడి కడ్డీ లోపలనే ఉండిపోవును, అది మొదటి పూడికను మించిన బాధ. కొనకు కొక్కెము తగిలించి త్రిప్పుచు వెనుకకు లాగిన దారపు త్రాడు దానికి చుట్టుకొని వచ్చును. పనిచేయునప్పుడు చాంబరునుండి నీరు బయటకు పోవు మూతికి ఇనుప జల్లెడ అడ్డుపెట్టుడు. ఊడిన ముద్ద వీధి గొట్టములో చిక్కుకొని ఊరివారికి బాధ కాకుండును. మూత తెరచిన తరువాత కొంతసేపు గాలి పోనిచ్చి, దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించక, తల లోపలికి వంచక పని చేయవలెను.

యాసిడును గూర్చి గట్టిగా చెప్పుచున్నాము. అది దారపు ఉండను అంత సులభముగా కరిగింపదు. సిమెంటు అతుకులను మాత్రము తినివేయును. అంతకంటె ముఖ్యము, మన ఇండ్లలో నూలు తెలుపుచేయు బ్లీచింగు పౌడరు ఉండును. ఆ నీరు పోసిన తూములో యాసిడు పోసినచో క్లోరిను వాయువు పుట్టును. మూసిన స్నానాల గదిలో అది ఊపిరితిత్తులను కాల్చును. వాట్ రంగులకు వాడు హైడ్రోసుతో యాసిడు కలిసినను ఘాటైన గంధకపు వాయువు వచ్చును. కాస్టిక్ సోడా మిగిలినది గదా అని పోయువారు కలరు. అది గంజిని మరింత జిగురు చేయును, తిరిగి చిందినచో కండ్లు పోవును.

గుంటలోనికి మనిషిని దింపుట సంగతి. మురుగు కుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడు వాయువు నిలుచును. అది గాలికంటె బరువైనది గావున అడుగుననే ఉండును. కొంచెమైనచో కుళ్లిన గ్రుడ్ల వాసన తెలియును; ఎక్కువైనచో ముక్కుకు వాసనయే తెలియకుండ చేసి మనిషిని పడగొట్టును. వాసన లేదు గదా అని దిగినవాడు పడును, అతనిని పట్టుకొనుటకు దిగిన రెండవవాడును పడును. 2013 చట్టము ప్రకారము రక్షణ సాధనములు లేకుండ మురుగు గొట్టములోనికి, సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపి శుభ్రము చేయించుట నేరము. మొదటిసారికే 2 సంవత్సరముల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జుర్మానా, లేక రెండును. మురుగు గుంటలలో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పి, 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. ఐదారు వందలకు ఒప్పుకొన్నాడు గదా అని ఇంటి యజమాని అనుకొనరాదు. ఒప్పుకొన్నవాడు పేదరికముచేత ఒప్పుకొన్నాడు. పూడిక చాంబరునకు ఆవలిదైనచో జెట్టింగు యంత్రమును అడిగి తెప్పించుకొనవలెను, ఒకటి రెండు దినములు ఆలస్యమైనను సరే.

ఈశాన్య వానల కాలపు తిప్పలు వేరు. రోడ్డుపై రోడ్డు వేయగా వేయగా పాత ఇండ్ల గడపలు వీధికంటె క్రిందికి పోయినవి. పాత పొరను చెక్కిన పిమ్మటనే కొత్తది వేయవలెనని 2021లో తమిళనాడు ప్రధాన కార్యదర్శి ఉత్తరువు చేసిరి. అంతకుముందే పల్లమైన ఇండ్లు మాత్రము పల్లముననే ఉన్నవి. వీధి గొట్టము నిండినప్పుడు, మనము చుక్క నీరు వాడకున్నను మురుగు తూమునుండి పైకి వచ్చును. గుంట మగ్గము గల ఇంటిలో మొదట నిండునది మగ్గపు గుంటయే. అచ్చులో ఉన్న పడుగుకు చెమ్మ తగిలిన ఆ నెల సంపాదన పోయినట్లే. కావున మగ్గపు గుంటనుండి మురుగు గొట్టమునకు తూము ఎన్నడును పెట్టరాదు. చాంబరు దగ్గర ఒకవైపే తెరచుకొను కవాటము వేయించుట మేలు. అది లేనివారు వాన పెరుగగానే ఇసుక నింపిన తడి సంచిని నేలతూముపై పెట్టవలెను. మండువాలో పడు వాన నీటిని మురుగు గొట్టమునకు కలిపియున్నచో విడదీయించుడు. వీధి వారందరు కలుపుటచేతనే ఆ గొట్టము పొంగుచున్నది. వాన నీటి కాలువ కార్పొరేషనువారిది, దానికి ఫిర్యాదు 1913కు చేయవలెను.

ఇక నిత్యము చేయవలసినది స్వల్పము. మిగిలిన గంజిని ఒక తొట్టిలో పోసి రాత్రి ఉంచినచో మడ్డి అడుగుకు దిగును. పైనీటిని వంచి, మడ్డిని చెత్తలో వేయుడు. మైలతుత్తము కలిపిన గంజిని పశువులకు పెట్టరాదు. తూము మూతికి పల్చని పాత గుడ్డ కట్టి నూగును ఆపవలెను. కొందరు పాత ఇనుప అచ్చు ముక్కను అడ్డుపెట్టుదురు గాని సందులు మరీ సన్నము, పూటలోనే మూసికొనును, గుడ్డయే నయము. దీపావళి నాడు ఇంటిల్లిపాది నూనె, సున్నిపిండి, శీకాయలతో తలంటుకొందురు. ఆనాడు ఆ గుడ్డను రెండుసార్లు విదిలించి, చివర రెండు బక్కెట్ల వేడినీరు పోయుడు.

పని ముగిసిన పిదప చాంబరు మూతను సిమెంటుతో బిగించరాదు, మరల తెరచునప్పుడు పగులును. అంచులకు సున్నము, ఇసుక కలిపి పూసిన చాలును. వాసన రాదు, ఇనుప కమ్మితో ఎత్తిన సులభముగా వచ్చును.