ఇంటికొక సర్వరు



మన గోదావరీ మండలములలో ఆస్తి యన్న మొదట భూమి, తరువాత ఇల్లు, ఆ తరువాత పెట్టెలోని కాగితములు. ఈ మూడవదానియందు మనకు శ్రద్ధ తక్కువ. గోదావరికి వఱద వచ్చిననాడు మాత్రము ఆ శ్రద్ధ ఒక్కసారిగ కలుగును. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు సాగిన సంగతి మీలో పలువురు కన్నులార చూచినదే. 1996 నవంబరులో కోనసీమను తుపాను ఊపివేసినది. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద నీరు మూడవ ప్రమాద హెచ్చరికకు గుఱుతైన 17 అడుగుల 9 అంగుళములను మించినది. ఇట్టి వేళలందు లంకలలోనివారు పిల్లలను, పశువులను, బియ్యమును గట్టునకు చేర్తురు. దస్తావేజుల పెట్టె జ్ఞాపకమునకు వచ్చుసరికి వాకిట నీరు నిలిచియుండును.

నేడు ఆ పెట్టెకు తోడు మఱియొక పెట్టె కూడ ఏర్పడినది. మనుమరాలి అక్షరాభ్యాసము, కుమారుని వివాహము, కాలము చేసిన తల్లి కంఠస్వరము, ఇవి యన్నియు సెల్‌ఫోనులో నున్నవి. ఫోను నీట పడినను, దొంగల పాలైనను అవియు దానితో పోవును. వీనిని మనయింటనే భద్రపఱచుకొను ఉపాయము ఒకటి కలదు. దానికి వలయు చిన్న యంత్రమును ఎట్లు ఎంచి కొనవలెనో చెప్పుటయే నా ప్రసంగము.

సర్వరు అను ఇంగ్లీషు మాటకు సేవ చేయునది యని యర్థము. అడిగినవారికి అడిగినదానిని అందించుచు, రేయింబవళ్లు మేలుకొనియుండు కంప్యూటరునే సర్వరు అందురు. మీరు ఫోనులో ఒక ఛాయాచిత్రమును దాచినప్పుడు అది తఱచుగ దూరదేశమందలి ఒక పెద్ద భవనములోని సర్వరునకు పోయి చేరును. దానికి క్లౌడు, అనగా మేఘము, అని పేరు పెట్టినారు గాని, అందు మేఘమేమియు లేదు. అది పరుల కొట్టు, మనము అందు అద్దెకున్నాము. అద్దె కొట్టు నియమములను కొట్టు యజమానుడే చేయును. గూగులు సంస్థ ఛాయాచిత్రములను మితిలేకుండ ఉచితముగ దాచు పద్ధతిని 2021 జూన్ 1వ తేదీతో ముగించినది. ఇప్పుడు ఉచితముగ నిచ్చు చోటు 15 జీబీలు. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగింపవచ్చునను నియమము 2023 డిసెంబరు నుండి అమలులోనికి వచ్చినది. ఇది అన్యాయమని నేననను. అయితే పండిన ధాన్యమంతయు పరుల కొట్టులో పోసి, ఇంట గాదె కట్టుకొనని రైతు ఎవడైన నున్నాడా?

ఆ గాదె నేడు చేతిలో ఇముడునంత చిన్నదైనది. మినీ పీసీ యని పిలువబడు ఈ యంత్రము ఒక తమలపాకుల పెట్టెయంత యుండును. ఇంటి సర్వరు పనికి పెద్ద కంప్యూటరునకు తీసిపోదు. దీని ముఖ్యగుణము విద్యుత్తును స్వల్పముగ తినుట. ఎంత స్వల్పమో లెక్కవేసి చూతము.

వేయి వాట్ల యంత్రము ఒక గంట నడచిన ఒక యూనిట్ ఖర్చగును. మినీ పీసీ ఊరక మేలుకొనియున్నప్పుడు ఇంచుమించుగ 10 వాట్లు తినును. రోజునకు 24 గంటల చొప్పున ఏడాదికి 88 యూనిట్లు. పాత పెద్ద కంప్యూటరు 60 వాట్లు తినునని యనుకొన్నచో, ఏడాదికి 525 యూనిట్లు దాటును. యూనిట్ 6 రూపాయలని పెట్టుకొన్నను ఏటికి 2,600 రూపాయలు మిగులును. రైతుభాషలో చెప్పవలెనన్న, అయిదు గుఱ్ఱముల మోటారు ఒక్క గంట తిను విద్యుత్తుతో ఈ యంత్రము 15 రోజులు నడచును.

ఇక కొనుటకు పోయినప్పుడు చూడవలసిన విషయములు. మొదటిది ప్రాసెసరు, ఇది యంత్రమునకు మెదడు. ఇంటెల్ కంపెనీవారు 2023 ఆరంభమున వెలువరించిన ఎన్100 అను రకము ఇంటి సర్వరునకు చాలును. దీని పరిమితి 6 వాట్లని కాగితముపై నుండును. అమ్మువాడు ఆ అంకెను చూపి యంత్రమంతయు 6 వాట్లే తినునని చెప్పవచ్చును. అది మెదడు తిండి మాత్రమే. జ్ఞాపకశక్తి, డిస్కు, తీగలు అన్నియు కలిసినప్పుడు పైన చెప్పిన 10 వాట్లగును. గట్టిగ పని చేయునప్పుడు 20 వాట్లు దాటును. ర్యామ్ అను తాత్కాలిక జ్ఞాపకశక్తి 8 జీబీలున్న చాలును, 16 ఉన్న మేలు. రౌటరునకు తీగతో కలుపుటకు ఈథర్నెట్ రంధ్రము తప్పక యుండవలెను. రేయింబవళ్లు నడచు యంత్రమునకు వైఫై కంటె తీగయే నమ్మదగినది.

రెండవది డిస్కు. ఫోనుతో తీసిన చిత్రము ఒక్కొక్కటి 3 ఎంబీలని యెంచిన, ఒక టీబీ డిస్కులో మూడు లక్షల చిత్రములు పట్టును. చలనచిత్రములు మాత్రము చోటును వేగముగ తినును. కావున పెట్టెలో రెండవ డిస్కు నమర్చుకొనుటకు చోటున్నదో లేదో ముందే అడుగుడు.

మూడవ విషయమును అమ్మువారు చెప్పరు, కొనువారు అడుగరు. మన పల్లెలకు అదియే ముఖ్యము. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు ఈ యంత్రము తనంత తాను మేలుకొనునా, లేక ఎవరైన మీట నొక్కవలెనా? యంత్రపు మూలపు అమరికలలో, బయాస్ అను చోట, దీనికొక ఎంపిక యుండును. కొన్నింటిలో ఉండదు. కొనుటకు ముందు దుకాణములోనే ఆ అమరికను చేయించి, తీగ పీకి మరల పెట్టించి చూడుడు. అట్లు లేవని యంత్రమును కొనవలదు. కుమారుడు అమెరికాలో నుండగా యంత్రము ఇంట నిద్రించుచున్నచో, అర్ధరాత్రి ఫోను చేసి వృద్ధులను లేపవలసి వచ్చును.

కొత్తది కొనుటకు ధనము చాలనివారు నిరుత్సాహపడ నక్కఱలేదు. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీలవారు కార్యాలయములకై చేసిన చిన్న కంప్యూటరులు కొన్నేండ్లు వాడిన పిమ్మట పాత సరకుగ సంతకు వచ్చును. ఇవి 10 మొదలు 20 వాట్లు తినును, కట్టుదిట్టముగ నుండును. ఇంట మూలబడిన ల్యాప్‌టాపు కూడ పనికివచ్చును గాని, ఎల్లప్పుడు తీగకు తగిలించియుంచిన దాని బ్యాటరీ ఉబ్బు ప్రమాదము కలదు. నెలకొకసారి చూచుచుండవలెను. కొత్తదైనను పాతదైనను రసీదు పుచ్చుకొనుడు. పూచీ ఎంతకాలమో దానిపై వ్రాయించుడు.

యంత్రమును నడుపు ప్రోగ్రాములకు ధనమీయ నక్కఱలేదు. 1993లో మొదలైన డెబియన్ అను వ్యవస్థను ప్రపంచమందలి స్వచ్ఛంద కార్యకర్తలు తీర్చిదిద్ది ఉచితముగ నిచ్చుచున్నారు. దానిపై ఛాయాచిత్రములకు ఇమ్మిచ్, కాగితములకు నెక్స్ట్‌క్లౌడ్, పాటలకు చలనచిత్రములకు జెల్లీఫిన్ అనువానిని అమర్చుకొనవచ్చును. కివిక్స్ అను మఱియొక దానితో, 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను ఇంటిలోనే దింపుకొని, ఇంటర్నెట్టు లేని రోజున కూడ పిల్లలచే చదివింపవచ్చును. ఇవి అమర్చుట తెలిసిన యువకునకు రెండు దినముల పని. అతడు పని చేయుచుండగా ప్రక్కన కూర్చుండి, ఏది యెక్కడ నున్నదో ఒక నోటు పుస్తకములో తెలుగున వ్రాయించుకొనుడు.

దూరమందున్న బిడ్డలు ఈ యంత్రమును చేరుట యెట్లు? మన ప్రాంతమున ఇంటింటికి ఫైబరు వచ్చుట కొత్త సంగతి కాదు. 2016 డిసెంబరులోనే కోనసీమలోని మోరి గ్రామమున ప్రభుత్వము ఫైబరుగ్రిడ్ వసతిని ఆరంభించినది. అయితే ఇంటర్నెట్టు నిచ్చువారు తఱచుగ ఒకే బహిరంగ చిరునామాను అనేక గృహములకు పంచుదురు. అందుచే బయటివారు తిన్నగ మన యంత్రమును చేరజాలరు. ఇది ఒక విధముగ మేలే. కొందఱు రౌటరులోని తలుపులను బార్లా తెఱచి, లోకమంతటికిని దారి చేయుదురు. మన కాలువల లాకులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. లాకు తలుపులు తెఱచియుంచి నిద్రపోవు లస్కరు గలడా? వైర్‌గార్డ్ అను పద్ధతి ననుసరించినచో, మీరు తాళపుచెవి యిచ్చిన ఫోనులకు మాత్రమే మూసిన సొరంగమువంటి దారి ఏర్పడును. చిరునామా చిక్కును టెయిల్‌స్కేల్ వంటి సదుపాయములు తీర్చును.

ఇంతవఱకు చెప్పినది సగము. ఇంట సర్వరున్నది, కావున మనకు భయము లేదని కూర్చుండుట పెద్ద ప్రమాదము. ఏ డిస్కైనను ఒకనాటికి చెడును. రెండు డిస్కులను అద్దములవలె జతపఱచినను చాలదు. ఒకదానిలో పొరపాటున చెఱిపినది రెండవదానిలోను చెఱుగును. తాళపత్ర గ్రంథములు మనవఱకు వచ్చుటకు కారణము తాటియాకు గట్టిదనము కాదు. పురుగు తినకమునుపే ఎవరో ఒకరు మఱియొక ప్రతిని వ్రాసినారు. రాజమహేంద్రవరమున కొంతకాలము ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించుటచే ఎన్ని తెలుగు కావ్యములు దక్కినవో మీకు తెలియును. ఆ న్యాయమే ఇచ్చటను. మూడు ప్రతులుండవలెను: ఒకటి సర్వరులో, రెండవది వారమునకొకసారి మాత్రము తగిలించి తీసివేయు డిస్కులో, మూడవది వేఱొక ఊరిలో.

ఈ వేఱొక ఊరు అను మాట లంకలవారికి, ఏటిగట్టు క్రింది గ్రామములవారికి ప్రాణము వంటిది. మా యింట నేను చేసిన ఏర్పాటు ఇది. మెట్టప్రాంతమున నున్న మా వియ్యాలవారి యింట ఒక డిస్కును ఉంచితిని. వారి డిస్కు మా యింట నున్నది. ఆఱునెలల కొకసారి రాకపోకలలో వానిని మార్చుకొందుము. రెండును సంకేతలిపిలో నుండుటచే ఒకరివి ఒకరు చదువజాలరు. సంబంధ బాంధవ్యములు ఈ పనికి ఇంత అక్కఱకు వచ్చునని పూర్వులు ఊహించియుండరు!

దస్తావేజుల విషయమున ఒక హెచ్చరిక. యంత్రములోని చిత్రము అసలు దస్తావేజునకు మాఱు కాదు, అసలును పారవేయవలదు. అయినను చిత్రము నిరుపయోగము కాదు. అసలు నీటిపాలైనప్పుడు దాని నంబరు, సంవత్సరము, రిజిస్ట్రారు కార్యాలయము పేరు తెలిసియున్నచో, ధ్రువీకరించిన నకలును ఆ కార్యాలయమునుండి పొందవచ్చును. ఆ మూడు వివరములు చిత్రములో కనబడును. అవి తెలియనివారు తిరుగు తిరుగుడు మీరు చూచినదే.

యంత్రమును నేలపై నుంచక, ఎత్తైన గూటిలో గాలియాడుచోట నుంచుడు. సముద్రతీరపు ఉప్పుగాలి, వంటింటి పొగ, చీమలు, బల్లులు దీనికి శత్రువులు. ఉఱుములు మెఱుపులు వచ్చినప్పుడు విద్యుత్తు తీగను తీసివేయుడు. ఫైబరు గాజుతో చేసినది గనుక అందు విద్యుత్తు ప్రవహింపదు. ఇంట ఇన్వర్టరున్నచో రౌటరును, యంత్రమును దానికి కలుపుడు. రెండును కలిసి 20 వాట్లకు కొంచె మెక్కువ తినును. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో సగము శక్తియే పనికివచ్చినను, పంకాలు దీపములు ఆపియుంచినచో ఒక పగలు ఒక రాత్రి నడచును.

కడపట ఒక్కమాట. ఈ యంత్రమునకు రహస్యపదము అను తాళపుచెవి కలదు. సంకేతలిపిలో దాచినదానికి ఆ పదము పోయినచో తెఱచువాడు లేడు. బద్దలు కొట్టించుటకు కమ్మరియు లేడు. ఇంటిపెద్ద మనసులో మాత్రమే దానిని దాచుకొని కాలము చేసినచో, గోదావరి చేయని నష్టమును ఆయనయే చేసినవాడగును. కావున దానిని కాగితముపై వ్రాసి, కవరులో నుంచి, అంటించి, వీలునామా యున్నచోటనే యుంచుడు. ఇంటిలో ఇద్దఱకు, వారిలో ఒకరు స్త్రీయగునట్లు, ఆ కవరు జాడ చెప్పుడు. ఏటేట తొలకరికి ముందు, గట్లు చూచుకొను దినములలోనే, ఆ ఇద్దఱను కూర్చుండబెట్టి, డిస్కునుండి ఒక పాత చిత్రమును తిరిగి రప్పించి చూపుమనుడు. అది వచ్చినచో మీ గాదె గట్టిదే. రానిచో సరిచేసికొనుటకు వఱద వచ్చులోపల ఇంకను వ్యవధి యుండును.